సరుకుకు స్వభావం ఎలా అబ్బింది?

ఇవాళ హైదరాబాదులో గానీ బెంగళూరులో గానీ కొత్తగా కంపెనీ పెట్టినవాళ్ళు పేరు, లోగో, వెబ్‌సైటు చేయించుకుందామని బ్రాండింగ్ ఏజెన్సీ గడప తొక్కితే, చాలాచోట్ల ముందుగా ఎదురయ్యేది ఒక చక్రం. అందులో పన్నెండు గదులుంటాయి. అమాయకుడు, అన్వేషకుడు, జ్ఞాని, వీరుడు, ధిక్కారి, మాంత్రికుడు, సామాన్యుడు, ప్రేమికుడు, విదూషకుడు, సంరక్షకుడు, సృష్టికర్త, పాలకుడు. "మీ బ్రాండ్ ఒక మనిషే అయితే వీళ్ళలో ఎవరు?" అని అడుగుతారు. భాగస్వాములు కూర్చుని, వాదించుకుని, ఒక గది మీద వేలు పెడతారు. రంగులు, అక్షరాల తీరు, యాప్‌లో వచ్చే పలకరింపు, ప్రకటనలో వినిపించే గొంతు అన్నీ ఆ వేలు పెట్టిన చోటు నుంచే పుడతాయి. ఈ గదులకు వాళ్ళ వాడుకలో ఆర్కిటైప్‌లని పేరు, మన మాటల్లో మూర్తులు.

చక్రం చూడటానికి కొత్తదే. దాని వెనక ఉన్న ఆలోచనకు మాత్రం రెండువేల ఏళ్ళకు పైబడిన వయసుంది. నాటకశాలలో పుట్టి, రాజాస్థానాల్లో పెరిగి, కర్మాగారాల గుమ్మం దాటి, స్విట్జర్లాండులో ఒక మనోవైద్యుడి గదిలో కొత్త పేరు పెట్టించుకుని, న్యూయార్కు ప్రకటనల సంస్థల మీదుగా అది స్టార్టప్‌ల దాకా వచ్చింది. ఈ దారి పొడుగునా ఒక విషయం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. స్వభావాన్ని ఎంచుకోవడం ఎప్పుడూ తేలికే. ఎంచుకున్న స్వభావానికి తగినట్టు నడుచుకున్నవాళ్ళకే అది అక్కరకొచ్చింది, నడుచుకోలేనివాళ్ళను నిలువునా ముంచింది. పదిమంది కూడా లేని కంపెనీకి ఈ సంగతి మరీ ముఖ్యం. అక్కడ వ్యవస్థాపకుల గుణం వినియోగదారుడికి రోజూ తగులుతూనే ఉంటుంది. దాచడానికి మధ్యలో గోడలుండవు.

మనుషులను స్వభావాలుగా విడదీసి చూసే పని గ్రీకులు చేశారు. అరిస్టాటిల్ తరవాత ఆయన విద్యాపీఠాన్ని నడిపిన థియోఫ్రాస్టస్ ముప్పై రకాల మనుషులను చిన్నచిన్న శబ్దచిత్రాలుగా గీశాడు. ముఖస్తుతి చేసేవాడు, వాగుడుకాయ, పిసినారి, ఇలా ఎక్కువగా లోపాలున్న మనుషులు. అది లోకాన్ని చూసి నవ్వుకునే చూపు. మన నాట్యశాస్త్రం చూపు వేరు. దాని కర్త భరతుడికి పాత్ర స్వభావం తెలియడం రంగస్థలం మీద పని జరగడానికి అవసరం. ఏ నాయకుడు ఎలా నడవాలో, ఎలా మాట్లాడాలో, ఎంత కోపం చూపించాలో నటుడికి తేలాలి. అందుకే ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరప్రశాంతుడు అని నాలుగు రకాలు చేశాడు. వాటిని పంచిన తీరు కూడా గమనించదగ్గది. దేవతలు ఉద్ధతులు, రాజులు లలితులు, మంత్రులూ సేనాపతులూ ఉదాత్తులు. బ్రాహ్మణులతో పాటు వర్తకులను ప్రశాంతుల్లో చేర్చాడు. వర్తకుడికి నిబ్బరం, నెమ్మది, నమ్మకం తగిన గుణాలని ఆనాడే ఒక నిర్ణయం జరిగిందన్నమాట. మృచ్ఛకటికంలో చారుదత్తుడు ఈ కోవలోని వాడే. సంపద పోయినా మాట పోనివ్వని మనిషి.

పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకం రాసి ఈ విభజనను చక్కబెట్టాడు. దాని మీద ధనికుడు రాసిన అవలోకమనే వ్యాఖ్యలో ఒక చర్చ వస్తుంది. బ్రాండింగ్ చదువుకునేవాళ్ళందరికీ దాన్ని పాఠంగా చెప్పాలనిపిస్తుంది నాకు. ఒకే పాత్ర ఒకచోట ఉదాత్తంగా, ఇంకోచోట ఉద్ధతంగా ఉండవచ్చా? పరశురాముడు రావణుడి విషయంలో ఉదాత్తుడు, రాముడి ముందు మొదట ఉద్ధతుడు, చివరికి శాంతుడు. ఇది కుదురుతుందా? కుదురుతుంది, ఎందుకంటే అక్కడ అతను ప్రధాన నాయకుడు కాడు. ఎవరి చుట్టూ కథ నడుస్తుందో ఆ నాయకుడికి మాత్రం మొదట పట్టిన స్వభావం చివరిదాకా నిలవాలి. పక్క పాత్రలు మారవచ్చు, నడిమి పాత్ర మారితే ప్రేక్షకుడి మనసులో రసం విరిగిపోతుంది. వెయ్యేళ్ళ తరవాత అమెరికన్ మార్కెటింగ్ పుస్తకాలు గణాంకాలు చూపించి చెప్పిన మాట ఇదే.

ఈ శాస్త్రాన్ని ఒక బతికున్న మనిషికి పూర్తిగా తొడిగిన ప్రయోగం మన ఓరుగల్లులో జరిగింది. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు. అది సంస్కృతంలో అలంకారశాస్త్ర గ్రంథం. నాయక ప్రకరణంతో మొదలై నాటకం, రసం, గుణదోషాలు, అలంకారాలు అన్నీ వివరిస్తుంది. ప్రతి లక్షణానికీ ఇచ్చిన ఉదాహరణ శ్లోకంలో నాయకుడు ప్రతాపరుద్రుడే. నాటక లక్షణాలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ రాజునే నాయకుడిగా పెట్టి ప్రతాపరుద్ర కల్యాణమని ఒక నాటకాన్నే పుస్తకంలో పొదిగాడు. మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి దీనికి రత్నాపణం పేరుతో వ్యాఖ్య రాశాడు. తరతరాలుగా దక్షిణాదిన విద్యార్థులు అలంకారశాస్త్రం నేర్చుకుంటూ ఓరుగల్లు రాజు పేరును కూడా కంఠస్థం చేశారు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాయి, రాజ్యం పోయింది. పుస్తకంలోని ధీరోదాత్తుడు మాత్రం పోలేదు. ఒక మూసను ఒక పేరుకు గట్టిగా అతికిస్తే ఆ పేరు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలియదు.

సరుకుల విషయానికి వస్తే, పంతొమ్మిదో శతాబ్దం దాకా సరుకుకు వేరే స్వభావం అక్కర్లేదు. అమ్మేవాడి స్వభావమే దానిది. బియ్యం ఎవరి కొట్లో కొన్నామో, నూనె ఏ గానుగ నుంచి వచ్చిందో తెలిసిన ఊళ్ళో డబ్బా మీద బొమ్మ ఎందుకు? కర్మాగారం వచ్చి, రైలు వచ్చి, ఎక్కడో తయారైన పొట్లం ముక్కూమొహం తెలియని ఊరికి చేరినప్పుడు ఆ ముఖం లేని లోటు బయటపడింది. అమెరికాలో 1877లో ఓట్స్ అమ్మే ఒక మిల్లు క్వేకర్ మతస్తుడి బొమ్మతో ట్రేడ్‌మార్కు నమోదు చేయించింది. ఆ మిల్లు పెట్టినవాళ్ళు క్వేకర్లు కారు. నిజాయితీకి ఆ మతస్తులకున్న పేరును అరువు తెచ్చుకున్నారు. 1898లో ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీకి టైర్లన్నీ పేర్చిన మనిషి బొమ్మ పుట్టింది. 1921లో మినియాపొలిస్ పిండిమిల్లు ఒకటి, వంట సందేహాలతో వచ్చిపడే ఉత్తరాలకు జవాబిచ్చేందుకు బెట్టీ క్రాకర్ అనే గృహిణిని సృష్టించింది. అలాంటి మనిషి లేదు. అయినా లక్షలాది అమెరికన్ స్త్రీలకు ఆమె పరిచయస్తురాలు.

ఈ అరువు ముఖాలన్నీ హాని లేనివి కావు. 1889లో పాన్‌కేక్ పిండికి పెట్టిన ఆంట్ జెమీమా బొమ్మ, బానిసత్వ కాలంలో తెల్లవారి ఇళ్ళల్లో వండిపెట్టిన నల్లజాతి స్త్రీని నవ్వుతూ సేవచేసే తల్లిగా చూపించింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ వేషం కట్టింది బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్. సంరక్షకురాలి మూర్తి ఎంత ఆప్యాయంగా కనిపించినా, ఎవరి బతుకును అణచి ఆ ఆప్యాయతను తీశారన్న ప్రశ్న వందేళ్ళకు పైగా వెంటాడింది. చివరికి 2021లో ఆ పేరు మార్చారు. ఆర్కిటైప్‌లు సమాజంలోని ఎక్కువతక్కువలను కూడా తమతో మోసుకొస్తాయని చెప్పడానికి ఈ ఒక్క డబ్బా చాలు.

సరిగ్గా అదే 1893లో బొంబాయిలో ఒక తెలుగు యువకుడు తలనొప్పి మందు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు. మందు పేరు అమృతాంజనం. తొలి రోజుల్లో సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారని చెప్పుకుంటారు. ఈ కాలం మాటల్లో అది స్టార్టప్. ఆ పసుప్పచ్చ సీసా సంరక్షక మూర్తికి అచ్చమైన ఉదాహరణ అని కూడా ఇప్పటివాళ్ళు అంటారు. నన్ను కదిలించేది దాని తరవాతి కథ. ఆ సీసా సంపాదించిన డబ్బుతో ఆయన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక తెచ్చారు, ఆంధ్ర గ్రంథమాల నడిపారు, గ్రంథాలయాలకు అండగా నిలిచారు. 1937లో మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది ఆయన ఇంట్లోనే. జనం ఆయన్ని విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. ఆ బిరుదులు ఏ ఏజెన్సీ కూర్చుని రాసినవీ కావు. నొప్పి తీసే మందు వెనక ఆదుకునే మనిషి నిజంగానే ఉన్నాడు, ఆ రెండింటి మధ్య ఎడం లేదు.

ఆర్కిటైప్ అనే మాటకు ఇప్పుడున్న అర్థం ఇచ్చింది కార్ల్ గుస్తావ్ యుంగ్. ఫ్రాయిడ్ నుంచి విడిపోయాక, 1919లో ఆ పదాన్ని మొదటిసారి వాడాడు. వేర్వేరు దేశాల రోగుల కలల్లో, ఎప్పుడూ కలవని జాతుల పురాణాల్లో ఒకే రకం మూర్తులు ఎందుకు వస్తున్నాయన్నది ఆయన ప్రశ్న. తల్లి, శిశువు, ముసలి జ్ఞాని, మాయలమారి, నీడ. ఇవి మనిషి అనుభవంలోంచి వచ్చినవి కావని, అనుభవాన్ని పోతపోసే అచ్చులని ఆయన అన్నాడు. స్ఫటికం ఏర్పడకముందే దాని అక్షాల అమరిక నిర్ణయమై ఉన్నట్టు, రూపం ముందుంటుంది, విషయం తరవాత వచ్చి చేరుతుందని వివరించాడు. 1937 చివర భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి పిలుపు అందుకుని ఇక్కడికి వచ్చి, కొన్ని వారాలు తిరిగి, కాశీ, అలహాబాదు, కలకత్తా విశ్వవిద్యాలయాల గౌరవ పట్టాలు పుచ్చుకుని వెళ్ళాడు.

యుంగ్ పన్నెండు గదుల చక్రం గీయలేదు. ఆయన దృష్టిలో ఆర్కిటైప్‌ల సంఖ్యకు అంతూ లేదు, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య గట్టి సరిహద్దూ లేదు. బ్రాండింగ్ పుస్తకాలు సౌకర్యంగా వదిలేసే రెండు హెచ్చరికలు కూడా ఆయన చేశాడు. ప్రతి మూర్తికీ నీడ ఉంటుంది. పాలకుడి నీడలో నియంత, సంరక్షకుడి నీడలో ఊపిరాడనివ్వని తల్లి, మాంత్రికుడి నీడలో మోసగాడు పొంచి ఉంటారు. రెండోది ఇంకా తీవ్రమైనది. ఒక మనిషి తానే ఆ మూర్తినని నమ్మితే మనసు ఉబ్బిపోతుంది, మామూలు మనిషిగా తన హద్దులు తనకు కనిపించవు. ఆ స్థితిని ఆయన ఒక జబ్బుగానే చూశాడు. ఈ హెచ్చరికకు బలమైన సాక్ష్యాలు ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు సిలికాన్ వ్యాలీలో, న్యూయార్కులో దొరికాయి.

మనోవిశ్లేషణను దుకాణంలోకి తెచ్చింది మాత్రం యుంగ్ శిష్యులు కారు. వియన్నాలో పుట్టి 1938లో అమెరికా చేరిన ఎర్నెస్ట్ డిక్టర్ ఫ్రాయిడ్ దారి వాడు. సబ్బు గురించి జనాన్ని అడగకుండా స్నానం గురించి గంటలకొద్దీ మాట్లాడించాడు. పైకప్పు తీసి తిరిగే కారు మగవాడికి ప్రియురాలిలా, మూసిన కారు ఇల్లాలిలా కనిపిస్తుందని చెప్పి కార్ల కంపెనీని ఆశ్చర్యపరిచాడు. ఆ రోజుల్లోనే షికాగోలో బర్లీ గార్డనర్, సిడ్నీ లెవీ 1955లో రాసిన వ్యాసం ఒకటి సరుకు వేరు, బ్రాండ్ వేరు అని సూటిగా తేల్చింది. బ్రాండ్‌కు జనం మనసులో ఒక వ్యక్తిత్వం ఉంటుంది, సరుకు గుణగణాల కన్నా అమ్మకాన్ని నడిపేది అదేనన్నారు. అదే ఏడు డేవిడ్ ఓగిల్వీ ఆ మాటను అందిపుచ్చుకుని ప్రకటనల ప్రపంచమంతా చాటాడు.

షికాగోలోనే లియో బర్నెట్ ఈ సిద్ధాంతానికి అతి పెద్ద విజయాన్నీ అతి పెద్ద మచ్చనూ ఒకేసారి తెచ్చిపెట్టాడు. మార్ల్‌బరో 1920ల్లో ఆడవాళ్ళ సిగరెట్‌గా వచ్చింది. 1950ల నడుమ దానికి మగవాడి ముఖం పెట్టమని కంపెనీ అడిగితే బర్నెట్ బృందం ఎండకు వాడిన గొడ్లకాపరిని నిలబెట్టింది. పొగాకు మారిందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. ఒంటరి వీరుడు గుర్రమెక్కి వచ్చాడు, అమ్మకాలు ఆకాశానికి ఎక్కాయి. 1970ల మొదట్లో అది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడయ్యే సిగరెట్ అయింది. ఆ ప్రకటనల్లో కనిపించినవాళ్ళలో వేన్ మెక్‌లారెన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1992లో చనిపోయాడు, పోయేముందు పొగకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. ఆర్కిటైప్‌కు నీతి ఉండదని, దాన్ని ఏ పనికి పెట్టామన్న దాంట్లోనే నీతి ఉంటుందని బోధించాలంటే ఈ గుర్రం మనిషి కథ చెప్పాలి.

మన దేశంలో ఆ దశాబ్దాల్లో పుట్టిన బొమ్మలకు వేరే అందముంది. 1946లో బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి ఎయిర్ ఇండియాకు మహారాజాను ఇచ్చారు. పాలకుడే, కానీ వంగి దండం పెట్టే పాలకుడు. రాజ్యాలు కరిగిపోతున్న వేళ రాజును అతిథి సేవకుడిని చేశారు. 1942లో బొంబాయిలో నలుగురు స్నేహితులు ఒక గ్యారేజీలో మొదలుపెట్టిన ఏషియన్ పెయింట్స్‌కు 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గట్టును గీశాడు. జుట్టు కళ్ళ మీద పడుతూ చేతిలో రంగు డబ్బా పట్టుకున్న తుంటరి పిల్లవాడు. రంగులంటే గొప్పవాళ్ళ ఇళ్ళకేనన్న బెరుకు ఆ పిల్లవాడి ముందు నిలవలేదు. 1966లో సిల్వెస్టర్ డకూన్హా, యూస్టస్ ఫెర్నాండెస్ చేసిన అమూల్ పాప ఇప్పటికీ వారం వారం దేశం మీద వ్యాఖ్యానిస్తూనే ఉంది. విదూషకుడికి రాజసభలో ఉన్న చనువు, నిజం చెప్పి తప్పించుకునే హక్కు ఆ పాపకు దక్కాయి. ఆ హక్కు వెనక లక్షల మంది పాడి రైతుల సహకార సంఘం ఉందన్న సంగతి జనానికి తెలుసు, అందుకే ఆమె వెక్కిరింత కూడా మనవాళ్ళ వెక్కిరింతలాగే వినిపించింది.

వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైన తగవు నిర్మా, సర్ఫ్‌లది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి బట్టల పొడి అమ్మాడు, చనిపోయిన కూతురి పేరు దానికి పెట్టుకున్నాడు. దాని చవక ధరకు తట్టుకోలేక తల పట్టుకున్న సర్ఫ్ కంపెనీకి 1980ల్లో ప్రకటనల రంగం మనిషి అలీక్ పదంసీ లలితాజీని ఇచ్చాడు. తెల్లచీర కట్టి, బేరమాడి, చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అని నిలదీసే ఇల్లాలు. ఆమెకు తన తల్లే నమూనా అని పదంసీ చెప్పాడు. పన్నెండు గదుల్లో ఆమె ఎక్కడా సరిగ్గా ఇమడదు. జ్ఞాని, సామాన్యురాలు, పాలకురాలు కలిసిన మన ఇంటి పెద్దావిడ ఆమె. మంచి పాత్ర మన గమనింపులోంచి పుడుతుందని, పట్టిక తరవాత వచ్చి దానికి పేరు పెడుతుందని లలితాజీ రుజువు చేసింది.

ఒక స్టార్టప్ మొదటి రోజు నుంచీ స్వభావంతో ఎదిగిన కథ ఆపిల్‌ది. 1976లో పుట్టిన ఆ కంపెనీ తొలి లోగో చెట్టు కింద న్యూటన్, చాలా పాతకాలపు బొమ్మ. మరుసటి ఏడు రాబ్ జనోఫ్ కొరికిన ఆపిల్ గీశాడు. ఆ కాలంలోనే పెట్టుబడిదారు మైక్ మార్కులా ఒక కాగితం మీద మూడు సూత్రాలు రాశాడు. వినియోగదారుడి మనసు ఎరగాలి, కొన్ని పనుల మీదే గురి పెట్టాలి, పెట్టె మొదలుకొని ప్రతిదీ లోపలి నాణ్యతను బయటికి చెప్పాలి. మూడోది ముఖ్యం. జనం పుస్తకాన్ని అట్ట చూసే కొలుస్తారు గనక అట్టను నిర్లక్ష్యం చేయకూడదన్నది దాని సారాంశం. 1984 జనవరి 22న ప్రసారమైన, రిడ్లీ స్కాట్ తీసిన ప్రకటనలో ఒక యువతి సుత్తి విసిరి తెర మీది నియంతను బద్దలు కొట్టింది. ఆపిల్ డైరెక్టర్లకే ఆ ప్రకటన నచ్చలేదు. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చేనాటికి కంపెనీ దివాలా అంచున ఉంది. అప్పుడు వచ్చిన ప్రచారంలో ఐన్‌స్టైన్, మార్టిన్ లూథర్ కింగ్, పికాసోలతో పాటు మన గాంధీ కూడా కనిపించాడు. ధిక్కారి, సృష్టికర్త కలిసిన ముఖం అది. ఆ ముఖం నిలిచింది ప్రకటనల వల్ల కాదు, వెంటనే వచ్చిన యంత్రాలు ఆ మాటకు తగ్గట్టు ఉన్నందువల్ల.

చిన్నవాడి చేతిలో అందంగా ఉన్న సుత్తి పెద్దవాడయ్యాక ఎవరి మీదకు వస్తుంది? 2020 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ అదే 1984 ప్రకటనను అనుకరిస్తూ, తెర మీద నియంత స్థానంలో ఆపిల్‌నే కూర్చోబెట్టింది. ధిక్కారి గద్దెనెక్కితే పాత్ర మార్చుకోక తప్పదు. ధనికుడి నియమానికి ఇక్కడ గట్టి పరీక్ష ఎదురవుతుంది. నాటకానికి చివరి అంకం ఉంది గనక నాయకుడి స్వభావం నిలపడం సాధ్యం. ముప్పై నలభై ఏళ్ళు సాగే కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. అందుకే తొలినాడే ధిక్కారి వేషం కట్టే స్టార్టప్‌లు తాము గెలిచిన రోజున ఎవరుగా ఉంటామో కూడా ఆలోచించాలని నా నమ్మకం.

చక్రం దగ్గరికి వద్దాం. కెరొల్ పియర్సన్ 1986లో ఆరు మూర్తులతో, 1991లో పన్నెండింటితో ఆత్మవికాసం కోసం పుస్తకాలు రాసింది. మనిషి జీవితంలో ఒక మూర్తి నుంచి ఇంకో మూర్తికి ప్రయాణిస్తాడన్నది ఆమె ఆలోచన. ఆమెతో ప్రకటనల రంగం మనిషి మార్గరెట్ మార్క్ కలిసి 2001లో తెచ్చిన పుస్తకం అదే పన్నెండును బ్రాండ్‌లకు పంచింది. స్థిరత్వం, చేరిక, స్వేచ్ఛ, సాహసం అని నాలుగు కోరికలు, ఒక్కోదానికి మూడేసి మూర్తులు. ఒకే మూర్తిని గట్టిగా పట్టుకున్న బ్రాండ్‌ల విలువ కలగాపులగంగా ఉన్నవాటి కన్నా బాగా పెరిగిందని ఒక పెద్ద ఏజెన్సీ సమాచారాన్ని ఆధారంగా చూపించారు. గెలిచినవాటిని వెనక్కి తిరిగి చూసి కట్టిన లెక్క అది. మూర్తి వల్ల గెలిచారా, గెలిచినందువల్ల మూర్తి స్పష్టంగా కనిపించిందా అన్నది ఆ లెక్కతో తేలదు. పియర్సన్ మనుషులకు ప్రయాణంగా చెప్పినదాన్ని కంపెనీలు స్థిరమైన చిరునామాగా మార్చుకోవడం కూడా ఆ పుస్తకం తరవాతే ఎక్కువైంది.

కొలత పద్ధతిలో ఈ పనిని చేసింది జెన్నిఫర్ ఆకర్. 1997లో అచ్చయిన ఆమె పరిశోధనలో 631 మంది 37 బ్రాండ్‌లను 114 గుణాల మీద కొలిచారు. నిజాయితీ, ఉత్సాహం, సమర్థత, నాజూకు, మోటుదనం అని ఐదు కోణాలు తేలాయి. 2001లో తన సహచరులతో జపాన్‌లో అదే పని చేస్తే మోటుదనం మాయమై ప్రశాంతత వచ్చింది, స్పెయిన్‌లో ఆవేశం వచ్చింది. అమెరికా గొడ్లకాపరి అమెరికా మనసులోనే పుట్టాడని అంకెలు ఒప్పుకున్నాయి. వర్తకుణ్ణి ప్రశాంతుడిగా చూసిన భరతుడి సంప్రదాయానికి జపాన్ ఫలితం దగ్గరగా ఉండటం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఇక్కడి మనిషి కోసం బ్రాండ్ కట్టేవాళ్ళు పడమటి పట్టికను ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోవడం ఎంత తొందరపాటో ఈ ఒక్క పోలిక చెబుతుంది. ఆ కొలబద్ద వ్యక్తిత్వం కాని గుణాలను కూడా కలిపేసిందని 2003లో కాప్‌ఫెరర్, అజూలే గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో పస ఉంది.

2010ల్లో యూట్యూబ్, ఫోన్ యాప్‌లు వచ్చి ఈ విద్యను ప్రతి చిన్న కంపెనీ చేతికీ అందించాయి. 2012 మార్చిలో రేజర్లు అమ్మే డాలర్ షేవ్ క్లబ్ వ్యవస్థాపకుడు మైకేల్ డూబిన్ తానే నటించి, కొద్ది వేల డాలర్లతో తీసిన ఒక విదూషక వీడియో రెండు రోజుల్లో పన్నెండు వేల ఆర్డర్లు తెచ్చింది. నాలుగేళ్ళకు యూనిలీవర్ ఆ కంపెనీని కొనేసింది. మన దగ్గర పేపర్‌బోట్ 2013 నుంచి పన్నా, జల్‌జీరాలతో బాల్యాన్ని సంచుల్లో నింపి అమ్మింది. క్రెడిట్ కార్డు బిల్లుల యాప్ క్రెడ్ 2021లో క్రికెటర్ రాహుల్ ద్రావిడ్ చేత బెంగళూరు రోడ్డు మీద కార్ల అద్దాలు పగలగొట్టించింది. ద్రావిడ్ ధీరప్రశాంతుడన్నది దేశమంతా అంగీకరించిన విషయం గనకే ఆ ఉద్ధత వేషం అంతగా పేలింది. అంతకు ముందే 2006లో ఫణీంద్ర సామ తన మిత్రులతో పెట్టిన రెడ్‌బస్ కథ ఇంకా సూటిది. దీపావళికి ఊరికి వెళ్దామంటే బస్సు టికెట్ దొరకని తెలుగు కుర్రవాడి కష్టం లోంచి వచ్చిన కంపెనీ. సామాన్యుడి మూర్తిని వాళ్ళు ఎక్కడా వెతుక్కోలేదు, టికెట్ దొరకక ఆగిపోయిన వాళ్ళే ఆ సామాన్యులు.

ప్రయాణికులకు ఇళ్ళు, గదులు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో కొత్త గుర్తు పెట్టుకుని, ప్రపంచంలో ఎక్కడికి వెళ్ళినా మీరు అక్కడివాళ్ళేనన్న మాటను తన స్వభావంగా ప్రకటించింది. ఆ తరవాత హార్వర్డ్ పరిశోధకుల ప్రయోగంలో, నల్లజాతివారి పేర్లతో అడిగిన అతిథులను ఒప్పుకునే అవకాశం దాదాపు పదహారు శాతం తక్కువని తేలింది. చేరికను వాగ్దానం చేయని కంపెనీకి ఇది ఒక లోపం మాత్రమే. చేరికే తన స్వభావమని చాటిన కంపెనీకి ఇది మాట తప్పడం. వాళ్ళు నియమాలు మార్చారు, వివక్ష చూపబోమని సభ్యులందరి చేతా ఒప్పందం చేయించారు. ఆ ప్రకటన అంత గట్టిగా చేసి ఉండకపోతే ఆ ఒత్తిడి అంత గట్టిగా వచ్చేది కాదేమో. స్వభావాన్ని బయటికి చెప్పడంలోని మంచి ఇదే, నిలదీయడానికి జనానికి ఒక పట్టు దొరుకుతుంది.

యుంగ్ చెప్పిన ఉబ్బు ఎలా ఉంటుందో థెరానోస్‌లో కనబడింది. ఎలిజబెత్ హోమ్స్ 2003లో పెట్టిన ఆ కంపెనీ కొద్ది బొట్ల రక్తంతో వందల పరీక్షలు చేస్తామంది. నల్ల టర్టిల్‌నెక్, ఆపిల్‌కు పనిచేసిన ప్రకటనల సంస్థ, అంతా మాంత్రికుడి సామగ్రి. యంత్రం మాత్రం పనిచేయలేదు. 2015లో పత్రికా పరిశోధన దాన్ని బయటపెట్టింది, 2018లో కంపెనీ మూతపడింది, 2022 జనవరిలో కోర్టు ఆమెను దోషిగా తేల్చింది. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ 2019లో షేర్ల కోసం దాఖలు చేసిన పత్రాల్లో లోకం చైతన్యాన్ని ఉద్ధరిస్తామని రాసుకుంది. నాలుగు వేల ఏడు వందల కోట్ల డాలర్ల విలువ కట్టిన ఆ కంపెనీ వారాల్లో వెనక్కి తగ్గి, 2023 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. రెండుచోట్లా తప్పు జరిగింది మూర్తిని ఎంచుకోవడంలో కాదు. మూర్తి చేతికి చిక్కి, చేస్తున్న పనిని కళ్ళతో చూడలేకపోయారు.

ఈ సుదీర్ఘ కథలో స్టార్టప్‌వాళ్ళు తప్పక చదవాల్సిన పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. జెన్నిఫర్ ఆకర్, సూసన్ ఫోర్నియర్, ఆడమ్ బ్రేసెల్ ఫోటోలను భద్రపరిచే ఒక ఆన్‌లైన్ కంపెనీని ప్రయోగం కోసం నిజంగానే నడిపారు. కొందరికి అది నిజాయితీపరుడిలా, ఇంకొందరికి హుషారైన కుర్రవాడిలా పరిచయమైంది. రెండు నెలలు సంబంధం సాగాక కొందరి ఫోటోల ఆల్బం పోయిందని చెప్పారు, ఆ తరవాత క్షమాపణ చెప్పి తిరిగిచ్చారు. అప్పటిదాకా నిజాయితీపరుడితో సంబంధం రోజురోజుకూ గట్టిపడుతూ వచ్చింది. తప్పు జరిగాక అది కోలుకోలేదు. హుషారువాడు తప్పు చేసి సరిదిద్దుకుంటే సంబంధానికి కొత్త ఊపు వచ్చింది.

ఆరోగ్యం, డబ్బు, పిల్లల చదువు లాంటి పనుల్లో ఉన్న చిన్న కంపెనీలు దాదాపు అన్నీ సంరక్షకుడి గదినే ఎంచుకుంటాయి. ఎంచుకోవడం సహజం, వాళ్ళ పనికి అదే తగింది. అయితే ఆ గది అద్దె ఎక్కువ. సంరక్షకుడిని నమ్మిన మనిషి రాత్రి పదకొండింటికి ఖాతాలోంచి డబ్బు పోయి ఫోను చేస్తే అటునుంచి మనిషి పలకాలి. వాపసు నిబంధనలు చిన్న అక్షరాల్లో దాగకూడదు. ఆలస్యమైతే ముందే చెప్పాలి. ఈ ఖర్చులు భరించే స్తోమత లేకపోతే సామాన్యుడిగానో, నేర్చుకుంటున్న అన్వేషకుడిగానో మొదలవడం నిజాయితీగా ఉంటుంది. ఇప్పుడు చాట్‌లో జవాబిచ్చే యంత్రాలకు కూడా ఈ స్వభావాలు నూరిపోస్తున్నారు. దాంతో బ్రాండ్ మొదటిసారి నోరు తెరిచి, ఒక్కొక్కరితో విడివిడిగా, రోజుకు లక్షలసార్లు మాట్లాడటం మొదలైంది. ఏ మూర్తిని పెట్టుకున్నారన్నది ఆ యంత్రానికి రాసిచ్చే సూచనల్లో ఉంటుంది. ఆ మూర్తి నిజమో కాదో ఫిర్యాదు వచ్చినప్పుడు ఇచ్చే జవాబులో తెలుస్తుంది. అందుకే కంపెనీ పెడుతున్న తెలుగు పిల్లలు ఎవరైనా అడిగితే, చక్రం ముందు కూర్చోవడానికి ముందు తమ మొదటి వందమంది వినియోగదారుల ఫిర్యాదులనూ, వాటికి తాము రాసిన జవాబులనూ వరసగా పెట్టుకుని చదవమంటాను. వాళ్ళ స్వభావం అప్పటికే అక్కడ రాసి ఉంటుంది. ఏ గది తమదో ఆ జవాబులే చెబుతాయి.